కత్తెర గుర్తు సామాను

కర్టెన్లు బకెట్లో నానబెడితే మురికితో పాటు రంగు కూడా దిగింది. అవి మా ఆడపడుచు ఇంట్లో పాతబడి మా ఇంటికొచ్చిన కర్టెన్లు. పన్నెండేళ్ళుగా కర్టెన్ల షాపులో కుడుతున్నాను, నా కిటికీకి మాత్రం ఇంకొకరి కిటికీ కొలత. జానెడు పొట్టి. "నువ్వు కుట్టేదానివేగా వదినా, కింద ఓ ముక్క అతికించుకో" అంది ఇచ్చేటప్పుడు. అతికించుకున్నాను. అతుకు రంగు వేరు. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా ముందు చూసేది ఆ అతుకునే.

మా ఆయన పొద్దున్నే పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి వెళ్ళాక దాని గది ఖాళీ అయింది. గది ఖాళీ అయిన రోజే, "అన్నయ్య వచ్చినప్పుడు పడుకోవడానికి బాగుంటుంది" అనేశాడు. బావగారు వచ్చేది ఏడాదికి రెండుసార్లు. నా కుట్టుమిషను ఉండేది వంటింటికీ బాత్రూంకీ మధ్య సందులో. ఎవరు బాత్రూంకి లేచినా నేను కుర్చీ ముందుకు లాక్కుని పొట్ట బిగబట్టి దారివ్వాలి. ఆ గది నాకు కావాలని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. అమ్మాయి మంచం అమ్మేసి పెద్ద మంచం చూసొస్తానని ఈయన బయల్దేరాడు.

గుడ్డ పిండుతున్నాను గానీ మనసంతా కొట్టు దగ్గరే ఉంది. ఆ కొట్టు వెనకగదిలో ఏముందో నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

ఏడాది కిందట ఒక కొత్త ఇంటికి కొలతలకి వెళ్ళాం, నేనూ మా ఓనరూ. ఇంటావిడ రెండు గుడ్డలు పట్టుకుని నా వైపు తిరిగి, "మీ ఇంటికైతే ఏది వేసుకుంటారండీ?" అంది. నేను టేపు చుట్టడం మొదలెట్టాను. మా ఓనరు నవ్వేసి, "ఆవిణ్ణడుగుతారేంటి మేడమ్, టేపు పట్టుకోవడానికొచ్చింది" అన్నాడు. అలాంటి మాటలు రోజూ మింగేవే, అరిగిపోతాయి. అరగనిది ఆవిడ ప్రశ్న. నలభై ఆరేళ్ళొచ్చాయి, నాకేం నచ్చుతుందో నాకు తెలీదు. ఎలా తెలుస్తుంది? హాల్లో సోఫా బావగారు కొత్తది కొనుక్కుని మా ఇంట్లో దించి వెళ్ళింది. గోడ గడియారం మామగారి రిటైర్మెంటుది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆ సోఫాని కిటికీ వైపు జరిపాను. సాయంత్రానికల్లా అత్తగారు మళ్ళీ వెనక్కి జరిపించి, "ఎక్కడివక్కడ ఉండనీ, నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు" అంది. ఇరవై మూడేళ్ళయింది. సోఫా కాళ్ళ కింద నేల గుంటలు పడింది, నేనింకా నిన్నగాక మొన్న వచ్చినదాన్నే.

ఆ ప్రశ్న పట్టుకుని కాలు నిలవక తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు ఆ కొట్టులో దూరాను. కొట్టాయన నోట్లో ఎప్పుడూ నాలుగు మేకులు పెట్టుకుని వాటి సందులోంచే మాట్లాడతాడు, అందుకే వీధిలో అందరికీ మేకుల మామ. కూర్చోమని ఒక పొట్టి కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. నా పాదాలు పూర్తిగా నేలకి ఆనాయి. మా ఇంట్లో కుర్చీలన్నీ మా ఆయన ఎత్తుకి కొన్నవి. ఇన్నేళ్ళూ నేను మునివేళ్ళ మీద కూర్చుని తిన్నానని ఆ రోజు తెలిసింది. ఆ కుర్చీ వదలబుద్ధి కాలేదు. డబ్బిచ్చేశాను. కానీ ఎక్కడ పెట్టను? "ఇప్పటికే కాలు పెట్టడానికి చోటు లేదు, పైగా ఈ చెత్తొకటా" అని ఆయన అనబోయే మాట నాకు ముందే వినిపించింది.

మేకుల మామకి చదువు రాదు. కొన్నవాళ్ళు తీసుకెళ్ళేదాకా వస్తువు మీద సుద్దముక్కతో వాళ్ళ గుర్తు గీసి వెనకగదిలో పెడతాడు. బస్సు నడిపే ఆయనకి చక్రం, టీచరమ్మకి గొడుగు. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన కత్తెర చూసి నాకు కత్తెర గీశాడు. గుర్తు పడ్డ వస్తువు ఇంకొకరికి అమ్మడు, ఎవరిదో చెప్పడు కూడా.

తర్వాత ఒక బంగారు పూత పూలకూజా కొన్నాను, కస్టమర్ల ఇళ్ళలో చూసి. వారం తిరిగేసరికి అది మా ఓనరు మొహంలా కనబడింది. తిరిగిచ్చేశాను. ఆ తర్వాత తొందరపడలేదు. చేత్తో తడిమి తడిమి చూశాకే కొనేదాన్ని. బోలెడన్ని చిన్న సొరుగులున్న బీరువా, ఏ మందుల షాపుదో, ప్రతి పిడీ అరచేతుల కింద అరిగి నున్నగా అయింది. ఆకుపచ్చ గాజు దీపం. ముదురు నీలం దుప్పటి, చిరిగినచోట ఎవరో తెల్ల దారంతో దాచకుండా కుట్టారు. ఆ కుట్టు చూసి చాలాసేపు నిలబడ్డాను. మా ఇంట్లో అతుకంటే సిగ్గు, ఇక్కడ అదే అందం. నాకు నచ్చేవేంటో అప్పుడు తెలిసింది. ఎవరో బాగా వాడి, బాగుచేసుకుని, మళ్ళీ వాడినవి.

కర్టెన్లు తీగ మీద వేస్తుంటే మా ఆయన వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఇదిగో, విన్నావా. ఆ కొట్టు వెనకగదిలో ఒక సామాను చూశాను. పొట్టి కుర్చీ, సొరుగుల బీరువా, ఏదో దీపం. ఒకదానికొకటి సంబంధం లేదు, కానీ చూస్తే అక్కడే కూర్చుండిపోవాలనిపించింది. టేస్టంటే అదీ!"

కర్టెను అంచు సరిచేస్తూ అడిగాను, "ఎవరివట?"

"ఎవరో ఆవిడవి. ముసలాడు పేరు చెప్పడు. అన్నిటి మీదా కత్తెర గీసుంది. ఆపరేషన్లు చేసే డాక్టరై ఉంటుంది. చదువుకున్నవాళ్ళ చూపే వేరు. నువ్వూ ఉన్నావు, పన్నెండేళ్ళుగా గుడ్డల మధ్య! ఒక్క అతుకు రంగు కలపలేకపోయావు. నువ్వెళ్ళే దారేగా, ఆ డాక్టరమ్మ అమ్ముతుందేమో కనుక్కో. గదిలో వేస్తే అన్నయ్య అదిరిపోతాడు."

బాత్రూంకి వెళ్తూ మిషను మీదున్న నా కత్తెరని పక్కకి జరిపాడు. రోజూ జరుపుతాడు.

నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇరవై మూడేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం చూశాను. వచ్చింది, లేని డాక్టరమ్మ చిరునామాకి. అవి నావే అని అప్పుడే అనొచ్చు. అంటే ఆ క్షణంలోనే కుర్చీ పొట్టిదైపోతుంది, దీపం పాతదైపోతుంది, దుప్పటి చిరుగుదైపోతుంది. ఆయన కళ్ళు నాకు తెలుసు.

మర్నాడు పనికి వెళ్తూ కొట్టులో ఆగాను. మేకుల మామ నోట్లోంచి మేకులు తీశాడు. అంత పెద్ద మాటైతేనే తీస్తాడు.

"నిన్నొచ్చింది మీ ఆయనే కదమ్మా? వీధిలో చాలాసార్లు చూశాను మీ ఇద్దర్నీ."

"తెలిసి కూడా చెప్పలేదేం మామా?"

"గుర్తు నీది. చెప్పుకోవాల్సిందీ నువ్వే. ఇంకెన్నాళ్ళు తల్లీ, చెమ్మకి పాడైపోతాయి."

పొట్టి కుర్చీలో కూర్చున్నాను. పాదాలు నేలకి ఆనించి, చుట్టూ చూశాను. ఇన్నాళ్ళూ ఒక్కో వస్తువే చూశాను. ఆ రోజు అన్నీ కలిపి చూస్తే ఎవరో మనిషి కూర్చుని ఉన్నట్టుంది. ఆ మనిషితో నాకు పరిచయం చేసుకోవాలనిపించింది.

"ఆదివారం పొద్దున బండి పంపు మామా" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాలంతా వెలుతురు. ఆరిన కర్టెన్లు మడతపెట్టే ఉన్నాయి, నేను తగిలించలేదు. మా ఆయన పేపరు మీంచి తలెత్తాడు.

"డాక్టరమ్మ సంగతి కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను. డాక్టరు కాదట. కర్టెన్లు కుడుతుందట."

"కర్టెన్లా? సరేలే, అమ్ముతానందా?"

"అమ్మదట. ఆదివారం సామానంతా తీసుకుని తనే వస్తుందట, అమ్మాయి గదిలోకి. మిషనుతో సహా."

ఆయన నన్ను చూశాడు, సందులో ఉన్న మిషను వైపు చూశాడు, దాని మీద కత్తెర వైపు చూశాడు. పేపరు మడిచి, "మరి అన్నయ్యో?" అన్నాడు.

"ఆయన సోఫా హాల్లోనే ఉందిగా" అన్నాను.