లోలకాల గది

గదిలో ఒకే దూలానికి రెండు లోలకాలు వేలాడుతున్నాయి. నడుమ కీలున్న ఇనుప కడ్డీలవి. ఒకదాన్ని మరొకదానితో సన్నని స్ప్రింగు కలుపుతోంది. చిన్న మోటారు దూలాన్ని ఊపుతుంటే, నిద్రలో పక్కకు ఒత్తిగిలే మనుషుల చేతుల్లా అవి ఎటంటే అటు తిరుగుతున్నాయి. ఒకసారి తిరిగిన తీరున మరోసారి తిరగవు.

ఆ రెండింటినీ యాభై ఊపుల పాటు ఒకే తీరున నడిపించాలి. నాలుగు గంటలకు ల్యాబ్ పెద్దసారు చూడ్డానికి వస్తారు. నడిస్తే గది ఉంటుంది. లేకపోతే రేపటి నుంచి మరొకరిది. పరిశోధకురాలికి మూడేళ్ళుగా ఆ గదే లోకం. మోటారు వేగం మార్చే నాబ్ మీద ఆమె వేలు క్షణం నిలవడం లేదు.

"ఏమ్మా, చెవి మెలేసి నడిపిద్దామనా?" అన్నాడు కడ్డీలు చేసిన వర్క్‌షాపు బాబాయి, గుమ్మానికి ఆనుకుని.

"వదిలేస్తే చేయి దాటిపోతాయి బాబాయ్."

"దాటనీ. దగ్గరకొచ్చినప్పుడే ముట్టుకోవాలని నీ పేపర్లో నువ్వే రాశావుగా! మొన్న చదివి వినిపించి, అర్థమైందా అని బల్ల గుద్ది మరీ అడిగావు."

నిజమే, రాసింది. రాయడానికి ధైర్యం అక్కర్లేకపోయింది. ఆ గందరగోళంలోనే క్రమమైన బాటలు ఎన్నో దాగి ఉంటాయి. లోలకాలు ఎప్పుడో ఒకప్పుడు తమంతట తామే వాటి పక్కగా వస్తాయి. అప్పుడు వెంట్రుకవాసి సాయం చాలు. తెలిసీ ఆమె ప్రతి ఊపుకూ అడ్డుపడుతూ వచ్చింది. తాను అదుపు అనుకున్నది భయమేమో.

పెద్దసారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆమె నాబ్ మీంచి వేలు తీసేసింది. కిటికీ వెలుగులో కడ్డీల నీడలు గోడ మీద ఈదాయి. ఐదు నిమిషాలు. పది.

"ఏమీ చెయ్యవేమ్మా?"

"అవి వచ్చేదాకా చూస్తున్నాను సార్."

"ఎక్కడికి పోయాయని? ఇక్కడే వేలాడుతున్నాయిగా!"

బాబాయి నవ్వును దగ్గు కింద దాచుకున్నాడు.

అంతలో రెండు కడ్డీలూ దాదాపు ఒకే వాలుకు వచ్చాయి. ఆమె నాబ్‌ను తాకీ తాకనట్టు కదిపింది. రెండూ కలిసి లేచాయి, కలిసి వాలాయి. పెద్దసారు లెక్క మొదలుపెట్టారు. నలభై ఒకటో ఊపులో ఎడమది రవ్వంత వెనకబడింది. ఆమె వేలు దానంతటదే ముందుకు దూకింది. దాన్ని గాలిలోనే ఆపేసింది. మరుసటి ఊపులో కడ్డీ మళ్ళీ దరికి వచ్చింది. అప్పుడు తాకింది, అంతే.

"యాభై," అన్నారు పెద్దసారు. "గది నీదేనమ్మా."

వెళ్ళడానికి లేచిన మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయారు. కళ్ళు లోలకాల మీదే ఉన్నాయి.

"యాభై నాలుగు," అన్నారు మెల్లగా, తనలో తాను.