సువర్చల గారి తెల్ల షూ

నేను ఒక తెల్లని షూ జతను. పక్కన ఆకుపచ్చ చార, పాతకాలపు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల తీరు, కానీ చీలమండ కిందే ఆగిపోయే ఎత్తు. ఫ్యాక్టరీలో నా అడుగును జిగురుతో అతికించిన ఆడమనిషి జన్మలో బంతి పట్టి ఉండదు. నన్ను కొనేవాళ్లలోనూ చాలామంది పట్టరు. విశాఖపట్నంలో ఒక దుకాణం అద్దం ముందు ఐదు నెలలు కూర్చుని, వచ్చిన ప్రతి పాదాన్నీ అనుమానంగా చూడటం నేర్చుకున్నాను. తొడుక్కుని, ఫొటో తీసుకుని, విప్పేసి వెళ్లేవాళ్లే ఎక్కువ.

సువర్చల గారిది నాకంటే పెద్ద అనుమానం. యాభై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడి, మోకాలి ఆపరేషన్‌తో ఆట మానేశారు. నన్ను వాసన చూశారు, మధ్యకు వంచారు, లోపలి అట్ట పైకి లాగి చూశారు.

"ఇవి ఆడుకోడానికా, వేసుకు తిరగడానికా? నిజం చెప్పు బాబూ."

దుకాణంలో అమ్మే కుర్రాడు ఖాజా కాస్త తటపటాయించాడు. "తిరగడానికేనండి. పేరుకే బాస్కెట్‌బాల్. ఎగిరితే చీలమండకి పట్టుండదు."

"నాకూ అదే కావాలి. ఆఫీసుకీ, బజారుకీ" అని, బొటనవేలి ముందు కాస్త చోటుందో లేదో నొక్కి చూసుకుని కొన్నారు.

ఆ మాట కూతురు ప్రసూన నమ్మలేదు. ఇంకోసారి మోకాలు తిరిగితే మళ్లీ ఆపరేషనేనని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. అమ్మ చూస్తే రోజూ సాయంత్రం ఆలస్యంగా వస్తోంది. ఒక ఆదివారం ప్రసూన నన్ను తిరగేసి చూసింది.

"బజార్లో ఎర్ర దుమ్ము ఎక్కడిదమ్మా?"

"రోడ్లు తవ్వేస్తన్నారే."

మర్నాడు ప్రసూన వెనకాలే వచ్చింది. ఎర్రమట్టి మైదానంలో రింగు ఎదుట అమ్మ ఒక్కతే నిలబడి బంతి విసురుతోంది. ఒకటి తప్పింది. ఇంకోటీ తప్పింది. ఏడోది రింగు చుట్టూ తిరిగి లోపలికి జారింది. అమ్మ మొహం అంతగా వెలగడం ప్రసూన ఎప్పుడూ చూడలేదు.

గోడ చాటునుంచి వచ్చి, దొర్లుతున్న బంతిని పట్టుకుంది.

"నీ కాళ్లు నేల విడిచాయమ్మా. నేను చూశాను."

"లేదే. ఒట్టు!"

ప్రసూన చాలాసేపు బంతిని వదల్లేదు. కోపమో, ఏడుపో. చివరికి తల్లి చేతుల్లోకి మెల్లగా విసిరి, "ఇంకొక్కటి. నేనిక్కడే ఉండి చూస్తాను" అంది.

అప్పటినుంచి నా అడుగు అరిగిపోయేదాకా ఇద్దరూ కలిసే వెళ్లారు. ఇప్పుడు నేను చెప్పుల స్టాండు కింది అరలో ఉన్నాను. ఆ రోజు కాళ్లు నేల విడిచాయా అని కూతురు ఇప్పటికీ అడుగుతుంది, లేదని తల్లి ఇప్పటికీ ఒట్టు పెడుతుంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు.

ఎగిరారు. బెత్తెడు ఎగిరారు.