గేటుకడ్డం పడుకున్న మొగుడు

సుబ్బరత్నం మొగుడు కోటేశ్వరరావుకి పడుకుంటే లేవడన్న పేరు పెళ్ళినాటికే ఉంది. ఆదివారాలు మంచం కిందుగా చీపురు పోనిచ్చి ఇల్లు ఊడవడం ఆమెకు అలవాటే. అలాంటి మనిషిని ఏరి, గేటుకడ్డంగా పడుకునే సమ్మెకు నాయకుణ్ణి చేశారంటే, ఆ నర్సరావుపేట కాలేజీ గుమాస్తాల, అటెండర్ల సంఘానికి మనుషుల్ని పోల్చుకునే కన్నున్నట్టే.

సమ్మె న్యాయమైనదే. ఏళ్ళు గడిచినా ఉద్యోగాలు పర్మినెంటు చెయ్యరు. టెంటుకు పులిహోర పంపిందీ ఆమే. చిక్కల్లా, ఆమె అదే కాలేజీలో బీయస్సీ ఆఖరేడు. ఆ రోజే కెమిస్ట్రీ ప్రాక్టికల్. తప్పితే ఏడాది పోతుంది.

"నా పెళ్ళామే లోపలికి పోతే నా మాట ఎవడింటాడే? పోతే నన్ను దాటుకుని పో," అన్నాడు పొద్దున, పరీక్షకొచ్చే పిల్లలకైనా దారియ్యమని ఆమె అడిగితే.

పడుకున్న మనిషిని దాటితే ఎదగరంటారు. ఆమె దాటదని తెలిసే అన్నాడు.

గేటు దగ్గర సుబ్బరత్నం చెప్పులు విప్పి చేత పట్టుకుంది. జీపు పక్కనున్న కానిస్టేబులు లాఠీ ఊపుతూ, "రామ్మా, దారి నే జేపిస్తా," అన్నాడు.

"వద్దండీ. మీ లాఠీ ఎనకాల పోతే, రేపు వీళ్ళ మొహాలు ఎట్టా చూసేది?"

ముందు వరసలో పడుకున్న ముసలి లాబ్ అటెండరు చెన్నయ్య వైపు వంగింది.

"బాబాయ్, ప్రాక్టికల్ చేసుకుని వస్తా. మీ పని మాత్రం ముట్టను. వాడిన గాజు గొట్టాలు కడక్కుండా అట్టాగే పెట్టేసొస్తా. పొమ్మంటారా?"

"ఎండితే రుద్దలేక చావాల తల్లీ. నీళ్ళలో ఏసిరా."

"దాటమంటే మటుకు దాటను. మీ జీతాలు ఎట్టాగూ ఎదగటల్లా, మిమ్మల్ని గూడా ఎదక్కుండా చెయ్యనా?"

గేటంతా నవ్వింది. "ఒరేయ్, కాళ్ళు ముడవండిరా!" అన్నాడు చెన్నయ్య. ఒక్కొక్కరే ముడిచారు. కోటేశ్వరరావు దాకా సన్నటి దారి పడింది. అతను మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

లోపల గంట మోగింది. కొట్టే మనిషి సమ్మెలో ఉన్నాడు గనక ప్రిన్సిపాలే కొట్టుకున్నాడు.

"ఏమండీ, పోనివ్వకపోతే మీ పక్కనే కూచుంటా. ఏడాది పోతే పోనీండి," అని సుబ్బరత్నం నేల మీద కూర్చుంది.

"ఏందయ్యా కోటేశ్వరరావూ! ఇట్టాంటి పిల్ల మా ఇంట్లో ఉంటే ఊరంతా చెప్పుకు తిరిగేవోణ్ణి," అన్నాడు చెన్నయ్య.

కోటేశ్వరరావు లేచాడు. భార్యకు చెయ్యందించి లేపాడు. టెంటులోని మైకు అందుకున్నాడు. ఆ గొంతులో సిగ్గు కన్నా గర్వమే ఎక్కువ పలికింది.

"పరీక్షకొచ్చే పిల్లలకు మనం కాళ్ళు ముడవాల. మా ఆవిడ పొద్దున్నే చెప్పింది, నేను ఇనలా. తప్పు నాదే."