సైరన్‌కు లేవని పాప

"జ్వరమైతే మాత్ర మింగు. దద్దుర్లైతే గోక్కో. మిషను దగ్గర నుంచి కదిలావంటే మాత్రం రేపు గేటు బయటే ఉంటావ్!"

మేస్త్రీ అరుపు రెండు మగ్గాల అవతలికి వినపడింది. కండెలు చుట్టే అమ్మాయి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మిషను ముందు నిలబడింది. మెడ మీదా చెంపల మీదా ఎర్రటి దద్దుర్లు. ఎదురు మగ్గం దగ్గరున్న వదిన వాటిని చూసింది. తెగిన దారం అతకబోయిన వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

షెడ్డంతా ఆమెను వదిననే పిలిచేది. పక్క మగ్గం ఆడపడుచుది కావడంతో ఆ పిలుపు అందరికీ అంటుకుంది. ఇప్పుడు ఆ ఆడపడుచుకు మూడో నెల.

వదిన కడుపుతో ఉన్నప్పుడు ఆమెకూ సరిగ్గా ఇవే దద్దుర్లు వచ్చాయి. అప్పుడూ ఇదే మేస్త్రీ, ఇదే మాట. నాలుగు రోజులు పోయాక తగ్గిపోయాయి, అందరూ మర్చిపోయారు. తర్వాత పాప పుట్టింది. కాస్త బక్కపలచగా పుట్టిందనే తప్ప ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మిల్లు ఆవరణలోనే పిల్లల గది. సైరన్ మోగిందంటే అందులో పిల్లలందరూ ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకునేవారు. వదిన కూతురు మాత్రం హాయిగా నిద్రపోయేది.

"మిల్లు బిడ్డంటే ఇదీ! కడుపులోనే మోత అలవాటైపోయింది," అనేది పిల్లల్ని చూసుకునే ఆయమ్మ.

"రేపు మేస్త్రీ ఎంత అరిచినా దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదు," అని ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది వదినే. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తుంది.

కూర్చోవడం నేర్చాక కూడా పాప ఎంత పిలిచినా తిరిగి చూడకపోయేసరికి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. డాక్టరమ్మ పాప వెనక గంట వాయించింది. పాప గోడ మీది ఈగనే చూస్తూ కూర్చుంది.

"కడుపుతో ఉన్నప్పుడు జ్వరం, దద్దుర్లు వచ్చాయా?"

"వచ్చాయమ్మా. తగ్గిపోయాయి కూడా."

"నీకు తగ్గాయి. ఆ వైరస్ లోపలి బిడ్డకు సోకింది. రుబెల్లా అంటారు. పెద్దవాళ్ళను పెద్దగా ఏమీ చెయ్యదు. మొదటి నెలల్లో ఉన్న బిడ్డకైతే చెవులో, కళ్ళో, గుండెకాయో దెబ్బతింటాయి. కడుపు రాకముందే టీకా వేయించుకుని ఉంటే ఆగేది. కడుపుతో ఉండగా వెయ్యకూడదు."

టీకా! ఆ టీకా వేసేవాళ్ళు ఒకప్పుడు మిల్లు గేటు దాకా వచ్చారు. మగ్గాలు ఆపాల్సి వస్తుందని మేనేజరు వాళ్ళను అటునుంచి అటే పంపించేశాడు. సూది తప్పిందిరా దేవుడా అని సంబరపడినవాళ్ళూ షెడ్డులో ఉన్నారు పాపం.

కండెల అమ్మాయి దద్దుర్లు చూసిన ఆ రోజే, అన్నాల వేళకు వదిన మేనేజరు గదిలోకి నడిచింది. వెనకే ఆడవాళ్ళంతా వచ్చారు.

"ఆ అమ్మాయిని జీతం కొయ్యకుండా ఇంటికి పంపండి సార్. ఈ దద్దుర్లు మిల్లులోంచి పోయేదాకా కడుపుతో ఉన్నవాళ్ళను రావద్దనండి, వాళ్ళ జీతం వాళ్ళకివ్వండి. మిగతావాళ్ళకు టీకాలు వేయించండి."

"ఒళ్ళు దురద పెట్టిందని జీతాలిస్తూ కూర్చుంటే నేను మిల్లు మూసుకోవాలి. నీ పిల్ల చెవిటిదైతే అది నీ కర్మ. మిల్లుకేం సంబంధం?"

ఆడపడుచు ముందుకొచ్చింది. "ఆ కర్మ మీ ఇంటికెందుకు రాదు సార్? మా ఇళ్ళే వెతుక్కుంటూ వస్తుందా?"

"సైరన్ మోగేసరికి మగ్గం దగ్గర లేనివాళ్ళకు రేపట్నుంచి పని లేదు. పోండి!"

బయటికొచ్చాక చాలామంది తటపటాయించారు. అందరికంటే పెద్దావిడ గొణిగింది. "ఇంట్లో పొయ్యి వెలగాలి కదే, వదినా."

"వెలగాలత్తా. నా పొయ్యి వెలుగుతూనే ఉంది. దాని ముందు కూర్చుని నా కూతుర్ని పిలుస్తాను. అది తిరిగి చూడదు. మీరు లోపలికెళ్ళండి, నేనేమీ అనుకోను. రేపు ఇదీ అలాగే పిలుస్తూ కూర్చుంటుంది," అని ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

పెద్దావిడ కొంగు బిగించి ఆవరణ మధ్యకు వెళ్ళి నిలబడింది. ఒక్కొక్కరే ఆమె పక్కకు చేరారు.

వదిన పిల్లల గదిలో నిద్రపోతున్న పాపను భుజాన వేసుకొచ్చింది. మగ్గాల మోతలో మాట వినపడదు కనక ఆ మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందని చెప్పడానికి సైగ ఉంది, నీళ్ళు కావాలనడానికి ఉంది, మేస్త్రీ వస్తున్నాడనడానికి ఉంది. అమ్మా అని పిలవడానికి మాత్రం లేదు. మగ్గాల దగ్గర ఎవరికీ దానితో పని పడలేదు.

సైరన్ మోగింది. పిల్లల గదిలో ఏడుపులు లేచాయి. ఆవరణలో ఎవరూ కదల్లేదు. మేనేజరు మళ్ళీ మోగించాడు. లోపల మగవాళ్ళు మగ్గాలు నడపసాగారు. గేటు దగ్గర మేనేజరు పిలిపించిన పోలీసు వ్యాను ఆగింది.

పెద్దావిడ తెరిచి ఉన్న షెడ్డు తలుపుకేసి చెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి పిడికిలి ముడిచింది. మగ్గం ఆపమని. ఆ వెంటనే ఆవరణలోని చేతులన్నీ లేచాయి. లోపల ఒక మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. కాసేపటికి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. పోలీసులు వ్యాను దిగారు.

సైరన్‌కు లేవని పాప తల్లి భుజం వణకడంతో లేచింది. చుట్టూ ఆడుతున్న చేతులను కళ్ళింతలు చేసుకుని చూసింది. తన బుల్లి చెయ్యి పైకెత్తింది. వేళ్ళు విప్పింది, ముడిచింది.

"వదినా, చూడు! మాట్లాడుతోంది!" అని ఆడపడుచు అరిచింది.

వదిన చూసింది. తన కూతురి మొదటి మాట అమ్మ కాదు. ఏడుపు ఆగలేదు ఆమెకు. పోలీసులు తన వైపే వస్తున్నారు. పాపకు కనబడేలా తనూ చెయ్యెత్తి, అదే మాట చెప్పింది.