వనజ గుమ్మానికి వేపమండలు

ఉగాదికి బొగ్గుగని కార్మికుల లైనులోని ఆరు ఇళ్ల ఆడవాళ్లనూ వనజ తన క్వార్టరుకు పిలిచింది. మందమర్రికి కాపురానికి వచ్చి రెండు నెలలైంది. ఇంతవరకూ నల్లా దగ్గర నీళ్లొచ్చాయా అని అడగడం తప్ప ఎవరితోనూ పట్టుమని పది మాటలు ఆడలేదు. పుట్టి పెరిగింది భీవండిలో, మరమగ్గాల సాంచెల చప్పుడు మధ్య. నోరు తెరిస్తే సగం మరాఠీ దొర్లుతుంది, నవ్వుతారేమోనని బెరుకు. ఈ పండుగకైనా నలుగురు గడప తొక్కకపోతే ఈ ఊళ్లో తనకంటూ ఎవరూ ఉండరని ఆమె భయం. ముందురోజు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి మరీ చెప్పింది. అందరూ వస్తామన్నారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. భర్త అంబదాస్ మొదటి షిఫ్టుకు వెళ్లేసరికే వనజ సగం భక్షాలు కాల్చేసింది. తోరణానికి ఆకులు కోద్దామని వెళ్తే, లైను చివరి మామిడిచెట్టును అప్పటికే అందినంత మేరా దూసేశారు. పోతే పోయిందనుకుంది. క్వార్టరు వెనక వేపచెట్టు లేత చిగుళ్లతో, పూతతో నిండుగా ఉంది. భీవండిలో ఇదే రోజు పాడ్వా. వాకిట్లో నిలబెట్టే కర్రకు వేపకొమ్మ కట్టనిదే అక్కడ పండుగే కాదు. ఇంకేం, గుమ్మానికి అటూ ఇటూ గుత్తులుగా వేపమండలు కట్టింది. పైన వరసగా చెక్కింది. గేటుకూ రెండు కొమ్మలు వేలాడదీసింది. దూరంగా నిలబడి చూసుకుని, తన ఇల్లు ఇంత అందంగా ఉందా అని మురిసిపోయింది.

పదకొండింటికి మొదటి ఆవిడ గేటు దాకా వచ్చింది. గుమ్మం వైపు చూసింది. చెప్పులు విడిచి, నిలబడ్డ చోటే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మళ్లీ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. మరో ఇద్దరు అంత దూరం కూడా రాలేదు. మలుపులోనే గుసగుసలాడుకుని, పిల్లల రెక్క పట్టుకుని లాక్కుపోయారు.

వనజకు మతిపోయింది. దండం ఎవరికి, తనకా? పిలవడంలో వరస తప్పిందా? తన మాటలో ఏదైనా పొరపాటు దొర్లిందా? ఎంత ఆలోచించినా పాలుపోలేదు. కాసేపటికి గోడ మీద ఎవరో గిన్నె పెట్టి పోయారు. చూస్తే పెరుగన్నం. ఇంకాసేపటికి ఇంకో గిన్నె, అందులో అంబలి. వస్తామని రాకపోగా, పండుగ పూట బిచ్చం వేసినట్టు ఇదేం మర్యాద? కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మూడో గిన్నె పెడుతున్న పక్కింటి అనసూర్యను గోడ దగ్గరే పట్టుకుంది. తానేం తప్పు చేసిందో చెప్పి పొమ్మంది. పెద్దావిడ తెల్లబోయింది. తప్పుల సంగతి తర్వాత, పోసింది నీకా, అంబదాసుకా అని అడిగింది. వనజకు ఆ మాటా అర్థం కాలేదు.

"గుమ్మానికి వేపమండలు కడితె ఇంట్ల అమ్మోరు పోసినట్టు బిడ్డా. ఒళ్లంత పొక్కులు లేస్తయి సూడు, గది. గా ఇంట్లకు బయటోళ్లు అడుగు పెట్టొద్దు."

వనజ భీవండి సంగతి, పాడ్వా సంగతి తడబడుతూ చెప్పింది. ఇంట్లో ఎవరికీ ఏమీ లేదంది. అనసూర్య నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు.

"అమ్మోరున్న ఇంటి పక్కన తాలింపు వాసన రావద్దు. గా మండలు సూసిన కాడ్నుంచి లైన్ల ఒక్క ఇంట్ల మూకుడు పెట్టలే. పోరగాండ్లు గారెలు కావాలని ఏడుస్తుంటే పెరుగన్నం తినవెట్టి పండవెట్టినం."

ఆరు ఇళ్ల వాళ్లు తనకోసం పండుగను చప్పగా తిన్నారు. అందులో సగం మందికి తన పేరైనా తెలియదు. ఇప్పుడు ఆరు గడపలూ ఎక్కి నిజం చెప్పాలి. తనకు వచ్చింది సిగ్గో సంతోషమో తేల్చుకోలేక, వనజ గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అనసూర్య గోడ మీదుగా చెయ్యి చాపి ఆమె తల నిమిరింది.

"ముందుగాల గా మండలు ఇప్పెయ్ బిడ్డా. నేను పొయ్యి మీద నూనె పెడ్త."