వంటింటికి వచ్చిన సిగ్నల్

"వంటింట్లకు సిగ్నల్ ఎందుకు? అన్నం ఏమన్న ఫోన్ల ఉడుకుతదా?" అన్నాడు చంద్రశేఖర్ భార్యతో. ఫోన్ సిగ్నల్ పెంచే బూస్టర్ బిగించడానికి వచ్చిన మెకానిక్ నవ్వాలో వద్దో తెలియక కేబుల్ చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. లోపలి యాంటెన్నా ఎక్కడ పెట్టాలని అడిగింది అతనే. బియ్యం కడుగుతున్న సుమన, వంటింటి గుమ్మం పైన పెడితే బాగుంటుందని చెప్పింది. ఆమె చేసిన తప్పు అంతే.

వనపర్తిలో వాళ్లది ముందర విత్తనాల దుకాణం, వెనక ఇల్లు. చుట్టూ లేచిన మేడల మధ్య ఇరుక్కున్న ఆ ఇంట్లో ఫోన్ పలకదు, ముందర దుకాణంలోనే తెగుతూ తెగుతూ కాస్త అందుతుంది. లోపలివాళ్లు ఎవరితో మాట్లాడాలన్నా మిద్దె ఎక్కాల్సిందే. పెళ్లయిన కొత్తలో సుమన సాయంత్రాలు ఆరిన బట్టలు తెచ్చే నెపంతో ఎక్కి, ఇటిక్యాలలో ఉన్న తండ్రితో మాట్లాడేది. ఆయన చెప్పేవి పెద్ద సంగతులేం కావు. పత్తికి పురుగు పట్టిందనో, బర్రె ఈనిందనో. కానీ రోజు మొత్తంలో "తిన్నవా బిడ్డా" అని ఆమెను అడిగే మనిషి ఆయనొక్కడే. అత్త లలితమ్మకు అది నచ్చలేదు. కోడలు మిద్దె మీద ఎవరితో గుసగుసలాడుతుందోనని వాడకట్టంతా అనుకుంటున్నారని కొడుకు చెవిన వేసింది. మర్నాటి నుంచి మిద్దె తలుపుకు తాళం. బట్టలు ఆరేసే వేళ లలితమ్మే తాళం తీసి, కోడలి వెనకే నిలబడేది. బూస్టర్ పెట్టించమని సుమన ఎన్నిసార్లు అడిగినా, "నీకెవరు ఫోన్ చేస్తరు?" అన్నదే చంద్రశేఖర్ జవాబు. ఇప్పుడు పెట్టిస్తున్నది విత్తనాల కంపెనీ ఆఫీసర్‌తో ఫోన్లో మాట మధ్యలో తెగిపోయి, రావాల్సిన లోడు పక్క దుకాణానికి పోయినందుకు.

సుమన తండ్రి పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆయన పోయిన రోజు ఆ కంపెనీ వాళ్లే భోజనానికి వచ్చారు. తెల్లవారుజాము నుంచి సుమన పొయ్యి దగ్గరే ఉంది. జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు. పెద్ద ఆఫీసర్ అడిగి మరీ వేయించుకుని మెచ్చుకుంటే సంబరంగా నవ్వింది కూడా. వాళ్ల కారు కదిలాక చంద్రశేఖర్ మూతి తుడుచుకుంటూ, మీ నాయినకు బాగాలేదట, ఇప్పుడే ఫోన్ వచ్చింది అన్నాడు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు దిగి ఆటోలో ఊరు చేరేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. దహనం కాగానే చంద్రశేఖర్ ఆమెను వెనక్కి తెచ్చేశాడు. దినాలకూ పొద్దున తీసుకెళ్లి పొద్దుగూకేలోపు తెచ్చాడు. రెండుసార్లూ తమ్ముడు బాలరాజు ఆమె ముఖం చూడలేదు. దుఃఖమనుకుంది.

మెకానిక్ మిద్దె మీద యాంటెన్నాను టవర్ వైపు తిప్పి, లోపలిది హాల్లో బిగించి వెళ్లిపోయాడు. హాల్లో పెట్టినా సిగ్నల్ వంటింటి దాకా పాకింది. గట్టు మీదున్న ఆమె ఫోన్ ఆ ఇంట్లో మొదటిసారి మోగింది. దుకాణంలోంచి చంద్రశేఖర్. కంపెనీ సార్లు వచ్చారట, చాయ్ పెట్టమన్నాడు.

పాలు కాగుతుండగా మళ్లీ మోగింది. ఈసారి బాలరాజు. ఇన్ని రోజులూ చేస్తూనే ఉన్నాడట, కలవలేదట. ఒక్క మాట అడిగి పెట్టేస్తానన్నాడు.

"పొద్దుగాల్నే బావకు చెప్పిన అక్కా. అప్పటికి నాయినకు పానం ఉంది. నీ పేరే తీస్తుండు. ఎంటనే తోల్కొస్త అన్నడు బావ. నువ్వెందుకు రాలే?"

సుమన పొయ్యి ఆపింది. నాయిన తన పేరు పిలుస్తున్న వేళకు తానేం చేస్తోందో వెతుక్కుంది. పిండి పిసుకుతోంది. కోడిని కడుగుతోంది. ఇంకో రొట్టె వేసుకోండ్రి సార్ అంటోంది. నవ్వుతోంది. ఆ నవ్వు గుర్తొచ్చి ఆమెకు తన ముఖం మీద తనకే అసహ్యం వేసింది.

చాయ్ ఆలస్యమైందని చంద్రశేఖర్ లోపలికొచ్చాడు. నాయిన సంగతి మీకు పొద్దున్నే ఎరుకేనా అని అడిగింది. అతను తడబడలేదు. గొంతు మాత్రం తగ్గించాడు, దుకాణంలోకి వినబడకూడదని.

"ఎరుకే. చెప్తే వాళ్లకు వండి పెట్టేటోళ్లెవరు? నువ్వు పోయినంత మాత్రాన ఆయన బతుకుతుండెనా? జల్ది చాయ్ తే."

అతను దుకాణంలోకి తిరిగి వెళ్లాడు. ఆమె చేతులు తుడుచుకుంది. మగవాళ్లు కూర్చున్నప్పుడు కోడలు దుకాణంలోకి రాకూడదన్నది ఆ ఇంటి కట్టడి. వెనక నుంచి లలితమ్మ పిలుస్తున్నా ఆగకుండా వెళ్లింది. పెద్ద ఆఫీసర్ ఆమెను గుర్తుపట్టి, మీ చేతి భోజనం ఇంకా మర్చిపోలేదమ్మా అన్నాడు.

"నేను గుడ మర్చిపోను సార్. ఆనాడు మీకు వడ్డిస్తుంటే అక్కడ మా నాయిన నన్ను పిల్చుకుంట పానం ఇడిసిండు. మీకు తెల్వదు. నాకు తెల్వదు. ఈయనకు తెలుసు. మీరు తిని లేసెదాంక చెప్పలే."

ఆఫీసర్ చంద్రశేఖర్ వైపు చూశాడు. చంద్రశేఖర్ నేల వైపు చూశాడు. సుమన చెప్పులేసుకుని మెట్లు దిగింది. తమ్ముడు అడిగినదానికి ఆమె ఇంకా జవాబు చెప్పలేదు. అది ఫోన్లో చెప్పేది కాదు. ఇటిక్యాలకు పోయేందుకు బస్టాండు వైపు నడుస్తూ, తిరుగు బస్సు ఎన్నింటికో ఆమె ఆలోచించలేదు.