మూడుంబావు సంతకం

కీలుంగ్ రేవు వెనక మా ఐసు ఫ్యాక్టరీ సందులో మధ్యాహ్నాలు ఎంత బద్ధకంగా గడిచేవో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. వేలంపాట ముగిసి, చేపల బుట్టలు కడిగి బోర్లించాక సందంతా ఒక కునుకు తీసేది. బీ-యున్ పిన్ని నూడుల్స్ కొట్టు మాత్రం తెరిచి ఉండేది. అందులో ఫ్యాను కింద బల్ల దగ్గర, చేప ఉండల సూపు గిన్నె ఖాళీ చేసి, టోపీ మోకాలి మీద పెట్టుకుని, గోడకు తల ఆన్చి ఒక మనిషి నిద్రపోతూ ఉండేవాడు. అతనే మా బీటు పోలీసు వెంగ్ షి-హాన్.

“అబ్బాయ్, నీ గురకకి నా సూపు విరిగిపోతోంది” అని పిన్ని గరిటెతో గిన్నె మీద కొట్టేది.

“మంచిదే కదా పిన్నీ. దొంగలు ఈ చప్పుడు విని, పోలీసు మెలకువగానే ఉన్నాడనుకుంటారు” అనేవాడు వెంగ్ కళ్ళు తెరవకుండానే. సందంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ రోజుల్లో సందులో మూడు చోట్ల గోడకు చిన్న రేకు పెట్టెలు వేలాడేవి. ఒక్కొక్క దానిలో ఒక కాగితం ఉండేది. బీటు పోలీసు రోజుకు నాలుగుసార్లు ఆ పెట్టెల దగ్గరకు వచ్చి, చుట్టూ చూసి, ఏ వేళకు వచ్చాడో రాసి, ‘అంతా సవ్యం’ అని సంతకం పెట్టాలి. వారానికోసారి పై అధికారి ఆ కాగితాలు తీసుకుపోయేవాడు. వెంగ్ మాత్రం పొద్దున్నే స్కూటర్ మీద ఒక్క చుట్టు చుట్టి, సాయంత్రం దాకా పెట్టవలసిన సంతకాలన్నీ ఒకేసారి పెట్టేసేవాడు. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు. తెలియనిది ఆ కాగితాలు తీసుకుపోయే అధికారికే.

మేమెందుకు ఊరుకున్నామో చెప్పాలి. సైనిక చట్టం ఎత్తివేసి అప్పటికి ఐదేళ్ళు కూడా కాలేదు. అంతకు ముందు వచ్చిన పోలీసులు ఇంట్లో ఎవరున్నారో చూస్తామని తలుపులు దబదబా బాదేవారు, మంచాల కింద లైట్లు వేసి వెతికేవారు. వాళ్ళ బూట్ల చప్పుడు వింటే మా అమ్మ చేతిలో గిన్నె జారిపడేది. అలాంటి వాళ్ళ తరువాత వచ్చినవాడు వెంగ్. తుపాను వచ్చి సందులోకి నడుము లోతు నీళ్ళు చేరినప్పుడు, బీ-యున్ పిన్ని ముసలి అత్తగారిని వీపున వేసుకుని బడి మేడ మీదికి చేర్చినవాడు. అటువంటి పోలీసు కాసేపు కునుకు తీస్తే ఏం పోయింది అనుకున్నాం. నిద్రపోయే పోలీసు మా అదృష్టమని కూడా అనుకున్నాం. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. అందుకే ఈ కథ చెప్పడం నాకు కష్టంగా ఉంది.

ఆ ఏడు జూలైలో ఒకరోజు గడియారాలు బాగుచేసే షావ్, ఆసుపత్రిలో ఉన్న భార్యను చూడడానికి రోజూలాగే ఒంటిగంటకు కొట్టు మూసి వెళ్ళాడు. నాలుగింటికి తిరిగి వచ్చేసరికి తాళం విరిగి ఉంది. బాగు చేయించుకోవడానికి జనం ఇచ్చిన గడియారాలు పదకొండు మాయమయ్యాయి. నగరం నుంచి డిటెక్టివులు దిగారు. షావ్ తలుపు పక్కనే ఉన్న రేకు పెట్టె తెరిచి కాగితం చూశారు. మూడుంబావు, తాళం సరిగా ఉంది, అంతా సవ్యం, వెంగ్ షి-హాన్. అంటే దొంగతనం మూడుంబావుకూ నాలుగింటికీ మధ్య జరిగిందన్నమాట. ఆ వేళలో సందులోకి వచ్చినవాడు ఒక్కడే, లేకాల్.

లేకాల్ ఇరవై ఏళ్ళ అమిస్ తెగ కుర్రవాడు. తూర్పు తీరం నుంచి వచ్చి శీతల గిడ్డంగిలో బుట్టలు మోసేవాడు. షావ్ కొట్టు పైగదిలోనే అద్దెకుండేవాడు. మూడింటి దాకా అతను పనిలో ఉన్నాడని చెప్పడానికి నలభై మంది ఉన్నారు. కానీ మూడుంబావుకు కూడా తాళం సరిగానే ఉందని ఆ సంతకం చెబుతుంటే, ఆ నలభై మంది మాటా పనికిరాలేదు. డిటెక్టివులు అతన్ని మెట్ల మీది నుంచే తీసుకుపోయారు. వారం తిరిగేసరికి అతను ఊరికి వెళ్ళవలసి ఉంది. వాళ్ళ ఊరి పంట పండగలో ఐదేళ్ళకోసారి ఒక ఈడు కుర్రవాళ్ళందరినీ కలిపి ఒక జట్టుగా కట్టి, దానికి పేరు పెడతారు. ఆ పేరు వాళ్ళకు చచ్చేదాకా ఉంటుంది. లేకాల్ ఆ పండగ సంగతి చెప్పీ చెప్పీ మమ్మల్ని ఊదరగొట్టేవాడు.

ఆ మూడుంబావు వేళ వెంగ్ ఎక్కడున్నాడో బీ-యున్ పిన్నికి తెలుసు. ఆమె కొట్లో, ఫ్యాను కింద. మర్నాడు అతను రాగానే ఆమె గిన్నె పెట్టకుండా ఎదురుగా కూర్చుంది.

“నువ్వే చెప్పేయ్ నాయనా. నేను చెప్పడం బాగుండదు.”

వెంగ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “చెబితే ఉద్యోగం పోతుంది పిన్నీ. నా భార్యకి ఏడో నెల. రెండ్రోజులు ఆగు. సాక్ష్యం లేదని వాళ్ళే వదిలేస్తారు.”

“నీ సంతకమే కదయ్యా వాళ్ళ సాక్ష్యం.”

“రెండ్రోజులు, పిన్నీ.”

పిన్ని ఆగింది. తుపాను నాటి వీపు గుర్తొచ్చి ఆగింది. రెండు రోజులు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. లేకాల్ నేరం ఒప్పుకున్నాడని మూడో రోజే కబురు వచ్చింది. ఐసు బండి లాగే లియావ్ ఆ కబురు విని కొట్లో గొణిగాడు.

“ఆ రోజు రెండున్నరకే షావ్ తలుపు ఓరగా ఉంటే చూశానే నేను. ముసలాయన తొందరగా వచ్చేశాడనుకున్నా. మరి పోలీసు మూడుంబావుకి తాళం చూశానని రాశాడంట. నా కళ్ళే మసకబారాయేమో.”

పిన్ని విని, అతని గిన్నెలో ఇంకో గరిటె సూపు పోసి, పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

పదో రోజు తూర్పు నుంచి రైల్లో లేకాల్ తల్లి వచ్చింది. పండగ అయిపోయింది, కొడుకు రాలేదు, ఉత్తరమూ లేదు. ఊరివాడెవడో జైల్లో ఉన్నాడని చెప్పాడట. మా భాష ఆమెకు సరిగా రాదు. పిన్ని కొట్లో కూర్చుని, కొడుకు పండగలో భుజాన వేసుకోవాలని ఏడాదంతా కుట్టిన రంగుల సంచీ ఒకటి బల్ల మీద పెట్టింది. దాని అంచున పూసలు ఇంకా మెరుస్తున్నాయి. “మావాడు మంచోడు” అన్నది. ఆమెకు వచ్చిన మాటలు అవే కావచ్చు, మళ్ళీ మళ్ళీ అవే అన్నది.

పిన్ని పొయ్యి ఆర్పేసింది. ఆ వేళ ఆమె పొయ్యి ఆర్పడం సందులో ఎవరూ ఎరగరు. లియావ్ ఐసు బండి దగ్గరకు పోయి, “నీ కళ్ళకేం మసక లేదు. నడు” అని చెయ్యి పట్టుకుని ఠాణాకు లాక్కుపోయింది. లేకాల్ తల్లి వెనకాలే నడిచింది. సంగతి తెలిసి మేము కూడా ఒక డజను మందిమి వెళ్ళాం.

ఠాణా అధికారి మర్యాదగానే విన్నాడు. విని, కాగితం తీసి చూపించాడు.

“చూడమ్మా, ఇది ప్రభుత్వ కాగితం. వేళ ఉంది, సంతకం ఉంది. మీరు నూడుల్స్ అమ్ముకునే మనిషి. ఆ వేళకి గడియారం చూశారా?”

“చూడలేదు. చూడక్కర్లేదు. మూడింటికి నా సూపు దించుతాను, మూడున్నరకి ఉల్లికాడలు తరుగుతాను. ఆ రెంటి మధ్యా ఈయన నా గోడకి ఆనుకుని గురక పెడుతున్నాడు. ఒక్క ఆ రోజే కాదు, నాలుగేళ్ళుగా అంతే. కావాలంటే వీళ్ళందర్నీ అడగండి.”

అధికారి మా వైపు చూశాడు. నిజం చెబుతున్నాను, మేమందరం నేల చూపులు చూశాం. లియావ్ ఒక్కడే ముందుకొచ్చి రెండున్నర సంగతి చెప్పాడు. అప్పుడు వెనక బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. వెంగ్ లేచి నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

“పిన్ని చెప్పింది నిజం సార్. నేను నిద్రపోతున్నాను. ఆ సంతకం పొద్దున్నే పెట్టాను.”

ఆ మర్నాడు లేకాల్‌ని వదిలేశారు. వెంగ్ ఉద్యోగం పోలేదు గాని, శిక్షగా కొండల్లో ఎక్కడో ఉన్న ఠాణాకు పంపేశారు. అసలు దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. వెంగ్ వెళ్ళిపోయేటప్పుడు సందులో కొందరు పిన్నితో మాటలు మానేశారు. “మంచి పోలీసుని పోగొట్టావు. రేపు వచ్చేవాడు ఎలాంటివాడో” అన్నారు. నిజానికి వెంగ్ అంటే పిన్నికి వాళ్ళందరికంటే ఎక్కువ ప్రేమ. వెంగ్‌కి కొడుకు పుట్టాడని తెలిసి ఎండు రొయ్యలు కట్టి కొండకు పంపింది కూడా.

లేకాల్ సామాను తీసుకోవడానికి వచ్చిన రోజు పిన్ని అతనికి గిన్నె నిండా వడ్డించింది. అతను తినలేదు. బాగా చిక్కిపోయాడు. మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు.

“చెయ్యనిది ఎందుకు ఒప్పుకున్నావు బాబూ? కొట్టారా?” అని అడిగిందామె.

“కొట్టలేదు. నిద్రపోనివ్వలేదు. కాగితం ముందు పెట్టి, పోలీసు సంతకం అబద్ధం చెబుతుందా అన్నారు. మూడో రోజుకి నాకే అనుమానం వచ్చింది పిన్నీ, నేనే తీశానేమో అని.” గిన్నె పక్కకు జరిపి అడిగాడు. “నీకు మొదటి రోజే తెలుసంట. పదో రోజు దాకా ఎందుకు రాలేదు?”

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అతను సంచీ భుజాన వేసుకుని, తల్లితో కలిసి మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ కీలుంగ్ రాలేదు. ఆ పండగలో అతని ఈడువాళ్ళకు ఏ పేరు పెట్టారో మాకెవరికీ తెలియలేదు.

తరువాతి నెల వార్డు పెద్ద ఒక సమావేశం పెట్టాడు. కొత్త బీటు పోలీసూ, ఠాణా అధికారీ వచ్చారు. కుర్చీలు చాలక సగం మందిమి నిలబడ్డాం. పెట్టెల్లోని కాగితాల మీద పోలీసు సంతకం పక్కన ఆ పెట్టె వేలాడే ఇంటివాళ్ళ సంతకం కూడా ఉండాలనీ, వేళ వాళ్ళే రాయాలనీ, నెలకోసారి పోలీసులు వచ్చి సందు జనం అడిగిన దానికి జవాబు చెప్పాలనీ అక్కడే తీర్మానం చేశాం. ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చి ఆ కాగితాలు పోయాయి గాని, నెల నెలా జరిగే ఆ సమావేశం మాత్రం ఈ నాటికీ నడుస్తోంది. పోలీసుల నిర్లక్ష్యం వల్ల ఒక అమాయకుడు బలయ్యాడని ఆ రోజు చాలామంది ఆవేశంగా మాట్లాడారు. చివరికి బీ-యున్ పిన్నిని మాట్లాడమన్నారు. ఆమె లేచి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

“వెంగ్ తప్పు చేశాడు, శిక్ష పడింది. నేనూ చేశాను, నాకు పడలేదు. నాలుగేళ్ళు ఆ నిద్ర చూసి నవ్వాను. అది మంచితనం అనుకున్నాను. వాడు మనవాడు కదా, అడిగితే నొచ్చుకుంటాడు కదా అనుకున్నాను. మొదటి రోజే గరిటె పక్కన పెట్టి, ‘లేచి వెళ్ళి నీ పని చూసుకో నాయనా’ అని ఉంటే, వాడి ఉద్యోగం ఇక్కడే ఉండేది, ఆ పిల్లాడికి వాడి పండగ ఉండేది. పోలీసుని అడగాల్సింది వాళ్ళ పెద్దాఫీసరు ఒక్కడే అనుకోకండి. వాడు ఎవరి గుమ్మం ముందు నిలబడతాడో వాళ్ళూ అడగాలి. చెడ్డవాణ్ణి భయంతో అడగం, మంచివాణ్ణి మొహమాటంతో అడగం. మనం అడగని ప్రతిసారీ శిక్ష పడేది మనలో అందరికంటే దిక్కులేని వాడికి.”